పట్టు సడలితే చాలు: మెట్లదారి నుంచి వేరుశనగ చేను దాకా కైనేజ్‌ల పని

అలిపిరి మెట్లదారిలో 3,550 మెట్లున్నాయి. గాలి గోపురం దాకా ఎక్కుడు గట్టిగా ఉంటుంది, ఆ తర్వాత చాలాదూరం నడక తేలిక, చివర్లో మోకాళ్ళ పర్వతం మళ్ళీ పరీక్ష పెడుతుంది. ఎక్కేవాళ్ళకు తెలిసేది ఆయాసం, పిక్కల నొప్పి, గుండె దడ. పిక్క కండరం లోపల మాత్రం ఆ సమయంలో చాలా చిన్న పని ఒకటి లెక్కలేనన్ని సార్లు జరుగుతుంటుంది. ఒక ప్రోటీన్ మీదికి ఒక ఫాస్ఫేట్ వచ్చి చేరుతుంది. దాన్ని తెచ్చి తగిలించే ఎంజైమ్‌ను ప్రోటీన్ కైనేజ్ అంటారు. కణం శక్తి కోసం వాడుకునే ఏటీపీ అనే అణువు చివరనున్న ఫాస్ఫేట్‌ను తుంచి, ఎదుటి ప్రోటీన్‌లోని సెరిన్, థ్రియోనిన్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాల్లో ఏదో ఒకదానికి అంటించడమే దాని పని. ఫాస్ఫేట్‌కు ఋణావేశం ఎక్కువ కాబట్టి అది చేరిన చోట ప్రోటీన్ మడత మారుతుంది. మడత మారితే పని మారుతుంది. 2002లో మనిషి జన్యువులన్నీ వెతికి లెక్కగడితే ఇలాంటి కైనేజ్‌లు 518 తేలాయి. అంటే మొత్తం జన్యువుల్లో సుమారు రెండు శాతం ఈ ఒక్క పనికే ఉన్నాయి.

కైనేజ్ అంటే స్విచ్ అని చెప్పి ముగించడం పాఠాల్లో మామూలే. హార్మోన్ వచ్చి నొక్కుతుంది, కణం పని మొదలుపెడుతుంది. ఇది తప్పని కాదు గానీ, సగం సంగతి ఇందులో జారిపోతుంది. చాలా కైనేజ్‌లు పనిచెయ్యడానికి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. వాటిని ఏదో ఒకటి పట్టి ఆపుతుంటుంది. కొన్నిటిని పక్కనున్న ఇంకో ప్రోటీన్ ఆపితే, కొన్నిటికి వాటి సొంత తోకే అడ్డం. సంకేతం వచ్చి చేసేదల్లా ఆ పట్టును వదిలించడం. తిరుమల నుంచి ఘాట్ రోడ్డులో దిగే బస్సును చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. బస్సు దిగడానికి ఎవరూ తొయ్యక్కర్లేదు, డ్రైవర్ పనితనమంతా బ్రేకు మీదే ఉంటుంది. ఏ కైనేజ్‌ను ఏది పట్టి ఉంచిందో తెలిస్తేనే జబ్బు ఎందుకొచ్చిందో, మందు ఎక్కడ పట్టిందో, బెట్టకు మొక్క ఎలా తట్టుకుందో చెప్పగలం. గత డెబ్బై ఏళ్ళ కైనేజ్ పరిశోధనలో ఎక్కువ భాగం ఈ పట్లను వెతికే పనే.

ఈ కథలో మొదట్లోనే ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు. నమూనాలో ఫాస్ఫేట్ ఎంత ఉంటే మాలిబ్డేట్ కలిపిన ద్రావణం అంత నీలంగా తిరుగుతుంది. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, ఆ వెనక 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా పట్టుకున్నారు. సుబ్బారావు పేరెత్తితే మన మాటలు నోబెల్ రాలేదన్న బాధ దగ్గరే ఆగిపోతాయి. బయోకెమిస్ట్రీ చదివేవాళ్ళు ప్రాక్టికల్స్‌లో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరుతో సహా చేసే ఆ నీలం పరీక్ష గురించి బయట ఎవరూ చెప్పుకోరు. ఏ కైనేజ్ అయినా తుంచుకునేది ఏటీపీ చివరి ఫాస్ఫేట్‌నే.

కండరంలో చక్కెర గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ పేరు ఫాస్ఫోరిలేజ్. ఇది రెండు రూపాల్లో ఉంటుందనీ, ఒకటి చురుకైతే ఇంకొకటి మందకొడి అనీ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కోరీ దంపతులు అప్పటికే చూపించారు. ఒక రూపం ఇంకొకటిగా ఎలా మారుతుందన్నది 1950లలో సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ ఎత్తుకున్న ప్రశ్న. కోరీల పద్ధతిలో కండరాన్ని నూరి, ఆ రసాన్ని వడపోత కాగితం మీద వడగడితే చురుకైన రూపం వచ్చేది. కాగితం మానేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తేర్చితే మందకొడిదే మిగిలేది. చివరికి చూస్తే తేడా కాగితంలోనే ఉంది. దానిలో కాస్త కాల్షియం కలిసి ఉంది. అది రసంలోకి దిగి అక్కడున్న ఫాస్ఫోరిలేజ్ కైనేజ్ అనే ఎంజైమ్‌ను లేపుతోంది, ఆ ఎంజైమ్ ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి ఫాస్ఫోరిలేజ్‌కు తగిలిస్తోంది. 1955లో వచ్చిన ఈ పనికి 1992లో ఇద్దరికీ నోబెల్ దక్కింది. అంత ఆలస్యానికి కారణం లేకపోలేదు. ఇదేదో గ్లైకోజెన్ వరకే పరిమితమైన వింత అని చాలాకాలం అనుకున్నారు.

కాగితంలోంచి దిగిన ఆ కాల్షియం పనే మెట్లెక్కే కాలిలోనూ జరుగుతుంది. అడుగు వెయ్యమని నరం చెప్పగానే కండర కణంలో కాల్షియం విడుదలవుతుంది. కండరం బిగుసుకునేది దానివల్లే, ఫాస్ఫోరిలేజ్ కైనేజ్ లేచేదీ దానివల్లే. పనికీ, పనికి కావలసిన ఇంధనానికీ ఒకే సంకేతం. ఇంతలో అడ్రినలిన్ అందుకుంటుంది. అది కణం గడప దగ్గరే ఆగి, లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పుట్టేలా చేస్తుంది. ఈ అణువును కనుక్కున్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. సైక్లిక్ ఏఎంపీ వెళ్ళి తగిలేది ‘ప్రోటీన్ కైనేజ్ ఏ’ అనే మరో కైనేజ్‌కు.

పట్టు అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఖాళీగా ఉన్నప్పుడు ‘ప్రోటీన్ కైనేజ్ ఏ’ అనేది నాలుగు ముక్కల కట్టగా ఉంటుంది. రెండు పనిచేసేవి, రెండు వాటిని పట్టుకుని ఉండేవి. పట్టుకున్న ముక్కలో ఒక భాగం, పనిచేసే ముక్కలోని గాడిలోకి దూరి అడ్డంగా కూర్చుంటుంది. కైనేజ్ వెతుక్కునే లక్ష్యంలాగే కనపడుతుంది గానీ, ఒక రకంలో ఫాస్ఫేట్ అంటించాల్సిన చోట సెరినే ఉండదు. గాడి నిండింది, పని మాత్రం జరగదు. సైక్లిక్ ఏఎంపీ వచ్చి పట్టుకున్న ముక్కలకు అతుక్కోగానే వాటి ఆకారం మారి పనిచేసే ముక్కలు వదులైపోతాయి. కైనేజ్‌కు కొత్తగా ఎవరూ ఏ శక్తీ ఇవ్వలేదు.

మరి అడ్రినలిన్ అదే, సైక్లిక్ ఏఎంపీ అదే, కైనేజ్ కూడా అదే అయినప్పుడు ఒక్కో కణం ఒక్కోలా ఎందుకు స్పందిస్తుంది? కండరం గ్లైకోజెన్‌ను విడగొట్టి తానే వాడుకుంటుంది. కాలేయం అదే పని చేసి చక్కెరను రక్తంలోకి వదులుతుంది, ఎందుకంటే చక్కెరకున్న ఫాస్ఫేట్‌ను ఊడదీసి బయటికి పంపే ఎంజైమ్ కాలేయంలో ఉంది, కండరంలో లేదు. గుండె గట్టిగా, వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి గొట్టాల చుట్టూ ఉన్న కండరం మాత్రం వదులవుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు అస్తాలిన్ ఇన్‌హేలర్ పీల్చినప్పుడు జరిగేది ఇదే. ఊపిరి తేలికవుతుంది, కాసేపటికి చేతులు సన్నగా వణుకుతాయి, గుండె దడదడమంటుంది, కొత్తవాళ్ళకు టెన్షన్ కూడా వస్తుంది. దాన్ని సైడ్ ఎఫెక్ట్ అని పక్కకు తోసేస్తాం గానీ, మందు అక్కడ దారి తప్పిందేమీ లేదు. అదే సంకేతాన్ని వేరే కణాలు తమ దగ్గరున్న ప్రోటీన్లను బట్టి విన్నాయి.

కాసేపు మెట్టు మీద కూర్చుంటే దడ తగ్గుతుంది. సైక్లిక్ ఏఎంపీని ఒక ఎంజైమ్ విరిచేస్తుంది, ఫాస్ఫటేజ్‌లనే ఇంకో జాతి ఎంజైమ్‌లు అంటించిన ఫాస్ఫేట్‌లను ఊడదీస్తాయి, విడిపోయిన ముక్కలు మళ్ళీ కట్టగా చేరతాయి. కైనేజ్‌ల మీద జరిగినంత పరిశోధన ఫాస్ఫటేజ్‌ల మీద చాలాకాలం జరగలేదు. ఊడదీసేవే కదా, ఏది దొరికితే దాన్ని ఊడదీస్తాయిలే అన్న చిన్నచూపు ఉండేది. వేరుశనగ ఆకు దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క ఎంత తప్పో తెలుస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ళ నడక గురించి ఇక్కడే ఒక మాట. కండరంలో ఏటీపీ ఖర్చవుతున్నకొద్దీ, అది ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ (సైక్లిక్ ఏఎంపీ కాదు) పెరుగుతుంది. దాన్ని పసిగట్టే కైనేజ్ పేరు ఏఎంపీకే. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే గ్లూట్4 అనే రవాణా ప్రోటీన్లను కణం అంచుకు తెచ్చుకుని రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటుంది. ఇందులో ఏఎంపీకే ఒక్కదాని చెయ్యే కాదు, కాల్షియం, కండరం సాగడం కూడా కలుస్తాయి. టైప్ 2 షుగర్‌లో మొద్దుబారేది ఇన్సులిన్ దారి, నడక దారి చాలావరకు బాగానే పనిచేస్తుంది. ఇన్సులిన్ దారిలో తిరగేసిన లెక్క ఒకటుంది. జీఎస్‌కే3 అనే కైనేజ్ ఏ సంకేతమూ లేనప్పుడే చురుగ్గా ఉండి గ్లైకోజెన్ తయారీని తొక్కిపెడుతుంది. ఇన్సులిన్ వస్తే ఏకేటీ అనే మరో కైనేజ్ దాని మీద ఫాస్ఫేట్ పెట్టి దాన్నే ఆపేస్తుంది. ఇక్కడ పట్టి ఉంచేది కైనేజే. ఇన్సులిన్ వేసుకుని, ఉపవాసమని ఏమీ తినకుండా కొండెక్కేవాళ్ళకు కళ్ళు తిరగడానికి కారణం కూడా ఇందులోనే దొరుకుతుంది. చక్కెరను లాగే రెండు దారులూ ఒకేసారి తెరుచుకుంటాయి, లోపలికి వచ్చేది మాత్రం ఏమీ ఉండదు.

పట్టు శాశ్వతంగా ఊడిపోతే ఏమవుతుందో చూపడానికి సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌ను మించిన ఉదాహరణ లేదు. తెల్ల కణాలు లక్షల్లోకి పెరుగుతాయి, ప్లీహం ఉబ్బి ఎడమ పక్క డొక్కలో బరువుగా ఉంటుంది. ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ పొట్టిగా ఉందని 1960లో ఫిలడెల్ఫియాలో గమనించారు. 9, 22 నంబర్ల క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకోవడం వల్ల అలా అయిందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ మార్పిడిలో ఏబీఎల్ అనే కైనేజ్ జన్యువు తన మొదటి భాగాన్ని పోగొట్టుకుని బీసీఆర్ అనే జన్యువుకు అతుక్కుంటుంది. పోయిన ఆ భాగమే అసలు కీలకం. మామూలు ఏబీఎల్‌కు మొదట్లో కొవ్వు ఆమ్లం తగిలించిన చిన్న తోక ఉంటుంది. అది వెనక్కి తిరిగి కైనేజ్ అడుగున ఉన్న గుంటలో దూరి దాన్ని బిగించి ఉంచుతుంది. తోక పోయింది, దాని బదులు వచ్చిన బీసీఆర్ ముక్క కైనేజ్‌లను ఒకదానితో ఒకటి జతచేసి రెచ్చగొడుతుంది. ఇక ఆ కణానికి బయటి సంకేతంతో పనిలేదు.

ఏబీఎల్ ఫాస్ఫేట్ పెట్టేది టైరోసిన్ మీద. కణంలో ప్రోటీన్ల మీదున్న ఫాస్ఫేట్‌లలో టైరోసిన్ వాటా వెయ్యింట ఒక వంతు కూడా ఉండదు, అందుకే అలాంటిదొకటి ఉందని 1979 దాకా ఎవరి కంటా పడలేదు. అది కూడా టోనీ హంటర్ ప్రయోగశాలలో, అమైనో ఆమ్లాలను చుక్కలుగా విడదీసేందుకు పాత బఫర్ ద్రావణాన్ని మళ్ళీ వాడడం వల్ల బయటపడింది. నిలవున్న బఫర్ పీహెచ్ 1.9 నుంచి 1.7కి దిగిపోవడంతో, అంతవరకు థ్రియోనిన్ చుక్కలో కలిసిపోతున్నది విడిగా కనపడింది. తాజా బఫర్ కలుపుకుని ఉంటే ఆ రోజుకు అది దొరికేది కాదు.

సీఎంఎల్‌కు వాడే ఇమాటినిబ్ అనే మందుకు అమెరికాలో 2001 మే నెలలో అనుమతి వచ్చింది. ఏబీఎల్ ముడుచుకుని ఖాళీగా ఉన్న భంగిమలో ఏటీపీ కూర్చునే గాడిలోకి ఈ మందు దూరి, దాన్ని అదే భంగిమలో బిగించేస్తుంది. కొత్తగా జబ్బు తేలినవాళ్ళలో దీన్ని పరీక్షించిన ఐరిస్ అధ్యయనంలో ఇమాటినిబ్‌తో మొదలుపెట్టినవాళ్ళలో 83 శాతం మంది పదేళ్ళ తర్వాత కూడా బతికే ఉన్నారు. రోజూ మాత్ర వేసుకుంటూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, పిల్లల పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు ఇప్పుడు ప్రతి జిల్లాలోనూ ఉంటారు. తిరుపతి చుట్టుపక్కలవాళ్ళకు స్విమ్స్ ఆసుపత్రి, చిత్తూరు వైపువాళ్ళకు గంట దారిలో ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రి. మూడు నెలలకోసారి చేయించుకునే బీసీఆర్–ఏబీఎల్ రిపోర్టులో అంకె 0.1 శాతం కిందికి దిగిందా లేదా అన్నదే వాళ్ళ ఆరాటం. ఆ అంకె చెప్పేది పట్టు ఊడిన కైనేజ్ ఉన్న కణాలు ఇంకా ఎన్ని మిగిలాయన్నదే. ఒంట్లో బాగానే ఉంది కదా అని మాత్ర ఆపేస్తే కొందరిలో అంకె మళ్ళీ ఎక్కుతుంది. మందు పట్టి ఉంచుతుందే తప్ప, అతుక్కుపోయిన జన్యువును విడదీయదు.

మాత్ర ధర ఒకప్పుడు పెద్ద గొడవ. నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మినది నెలకు లక్ష రూపాయలు దాటేది, హైదరాబాద్ నాట్కో వంటి కంపెనీల జెనెరిక్ పదివేల లోపు దొరికేది. పేటెంట్ చట్టంలోని 3(డి) సెక్షన్ కింద నోవార్టిస్ దరఖాస్తు చెల్లదని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తేల్చడంతో జెనెరిక్‌లకు అడ్డు తొలగింది. కైనేజ్ శాస్త్రంలో ఎంత గొప్ప విషయం తేలినా, ఆ ధర తేడా లేకపోతే చిత్తూరు పల్లెలో రోగికి దానితో ఒరిగేది తక్కువ.

కొందరిలో కొన్నాళ్ళకు ఇమాటినిబ్ పనిచెయ్యడం మానేస్తుంది. ఏబీఎల్‌లో 315వ స్థానంలో ఉండాల్సిన థ్రియోనిన్ ఐసోల్యూసిన్‌గా మారితే మందుకు గాడిలో చోటు చాలదు. 2021లో అమెరికాలో అనుమతి పొందిన అసిమినిబ్ ఆ గాడి జోలికే పోదు. పోయిన తోక కూర్చునే అడుగు గుంటలోకి వెళ్ళి, తోక చేసిన పనే తాను చేస్తుంది. సొంత పట్టు ఊడిపోయిన కైనేజ్‌కు అదే చోట కొత్త పట్టు పెట్టడమన్నమాట. ఇప్పటికి అమెరికాలో అనుమతి ఉన్న కైనేజ్ మందులు ఎనభై దాటాయి. వాటిలో ఎక్కువ భాగం ఏటీపీ గాడినే నమ్ముకున్నవి కాబట్టి, ఈ ఒక్కటీ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది.

ఏటీపీ గాడితో ఉన్న చిక్కు ఇక్కడి పరిశోధనకూ వర్తిస్తుంది. శేషాచలం కొండల్లో మందు మొక్కలకు కొదవ లేదు, వాటి సారాల మీద పనిచేసే విద్యార్థులకూ కొదవ లేదు. మొక్కలో దొరికిన అణువును కంప్యూటర్‌లో ఏదో ఒక కైనేజ్ గాడిలో పెట్టి, ఎంత బాగా అతుక్కుందో మార్కు తీసే డాకింగ్ పని దేశమంతటా విరివిగా జరుగుతోంది. ఖర్చు తక్కువ, పేపరు త్వరగా వస్తుంది. అది పేపరుగా ఉన్నంతవరకు పర్వాలేదు, క్యాన్సర్‌కు మందు దొరికిందని వార్తగా మారినప్పుడే తంటా. ఆ 518 కైనేజ్‌లలో దాదాపు అన్నీ ఏటీపీనే పట్టుకుంటాయి కాబట్టి వాటి గాడులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్ పరీక్షనాళికలో ఎన్నో కైనేజ్‌లను ఆపుతుంది. స్టారోస్పోరిన్ అనే మరో అణువు దాదాపు అన్నిటినీ ఆపుతుంది, అందుకే అది నేరుగా మందు కాలేకపోయింది. ఒకదాన్ని ఆపడం సులువు, మిగతా వందల్ని ముట్టకుండా వదిలెయ్యడం కష్టం. డాకింగ్ మార్కు ఆ రెండో సంగతి చెప్పదు.

మొక్కను మందు కోసం వెతకడం ఒక ఎత్తు, మొక్క తన కైనేజ్‌లతో ఏం చేసుకుంటుందో చూడడం ఇంకో ఎత్తు. మొక్కల పరిశోధనలో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే ఆవ జాతి మొక్కలో సుమారు వెయ్యి కైనేజ్‌లున్నాయి, మనిషికి దాదాపు రెట్టింపు. ఎండొచ్చినా పురుగొచ్చినా కదిలి పోలేనిదానికి అన్ని అవసరమే.

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఖరీఫ్ వేరుశనగకు వానే దిక్కు. పదును చూసి విత్తుతారు, చేను ఏపుగానే లేస్తుంది, సరిగ్గా కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేస్తుంది. బెట్టలో మధ్యాహ్నం చేను చూస్తే ఒక్కో ఆకులోని నాలుగు చిన్నాకులూ జతలుగా ముడుచుకుని నిలబడి ఉంటాయి. ఎండ తగిలే మేర తగ్గించుకునే ఎత్తు అది. చిన్నాకుల మొదట్లోని ఉబ్బులో నీటి ఒత్తిడి మారడం వల్ల జరుగుతుంది. కంటికి కనపడనిది పత్రరంధ్రాలు మూసుకోవడం. ఒక్కో రంధ్రానికి రెండు వైపులా రెండు రక్షక కణాలు, వాటిలో స్నార్క్2 అనే కైనేజ్‌లు ఉంటాయి. తేమ బాగున్న రోజుల్లో పీపీ2సీ అనే ఫాస్ఫటేజ్‌లు వాటిని పట్టుకుని, మీద చేరిన ఫాస్ఫేట్‌ను చేరినట్టే ఊడదీస్తుంటాయి. ఊడదీసేవాటికి లక్ష్యమంటూ ఉండదన్న పాత చిన్నచూపు ఇక్కడ నిలవదు. వేళ్ళకు తేమ తగ్గితే మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. దాన్ని అందుకునే ప్రోటీన్లను, అంటే గ్రాహకాలను, 2009లో అమెరికాలో షాన్ కట్లర్, జర్మనీలో ఎర్విన్ గ్రిల్ బృందాలు పట్టుకున్నాయి. ఆమ్లం లోపల కూర్చోగానే గ్రాహకం ముడుచుకుని నేరుగా ఫాస్ఫటేజ్‌కు అడ్డం పడుతుంది. సంకేతం కైనేజ్‌ను తాకనే తాకదు, దాన్ని పట్టుకున్నదాన్ని పట్టుకుంటుంది. విడిపడిన స్నార్క్2 రక్షక కణాల పొరలోని శ్లాక్1 అనే దారి మీద ఫాస్ఫేట్ పెడుతుంది. లవణాలు బయటికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది, కణాలు వాడిపోయి రంధ్రం మూసుకుంటుంది.

ఇదంతా పట్టు వదలడంతోనే అయిపోతుందని కొన్నేళ్ళు నమ్మారు. 2020లో వచ్చిన పరిశోధనల్లో, విడిపడిన స్నార్క్2 లేవడానికి రాఫ్ జాతి కైనేజ్‌లు మొదట ఒక ఫాస్ఫేట్ పెట్టాలని తేలింది. కాబట్టి పట్టు వదలడం అవసరమే గానీ, మొక్కలో అన్నివేళలా అదొక్కటే సరిపోదు.

రంధ్రం మూసుకున్నంతసేపు నీరు మిగులుతుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం లోపలికి రాదు. చిన్న బెట్టకే గట్టిగా మూసుకునే రకం వేస్తే చేను పచ్చగా బతుకుతుంది, పీకి చూస్తే కాయ ఉండదు. ఆబ్సిసిక్ ఆమ్లాన్ని అనుకరించే ఓపబాక్టిన్ వంటి అణువులను కట్లర్ బృందం 2019లో తయారు చేసింది. వాటికీ ఇదే చిక్కు, ఎప్పుడు చల్లాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే అసలు ప్రశ్న. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి వంటి రకాల విషయంలోనూ రైతు చూసేది బెట్ట తర్వాత చేతికొచ్చే కాయనే. పైగా వేరుశనగకు ఆకుతో తీరని ఇబ్బంది ఇంకొకటుంది. పువ్వు రాలాక ఊడ నేలలోకి దిగితేనే కాయ కడుతుంది. పైమట్టి ఎండి గట్టిపడితే పత్రరంధ్రాలు ఎంత చక్కగా మూసుకున్నా ఊడ పైనే ఆగిపోతుంది. బోరులో ఒక్క తడికే నీళ్ళున్నాయంటే దాన్ని ఊడలు దిగే దశకు దాచిపెట్టమనేది అందుకే.